మూసిన నోటి గర్జన

పోయిన వారం మనం కబళమ్మను వేదిక వెనక గాజుగదిలో వదిలేసి వచ్చాం. చెవులకు హెడ్‌ఫోన్లు, మూతి ముందు మైకు, చూపు మాత్రం గోడకున్న చిన్న తెర మీద. బయట హాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. మహామహుల్ని మట్టికరిపించి పోటీ గెలిచిన 'తూనీగ' అనే ఆటగత్తె, ఆ గెలుపు ఊపులో, అన్నాళ్ళూ కళ్ళ మీదికి లాక్కుని ఉంచిన టోపీని తీసి జనంలోకి విసిరేసింది. టోపీ కింద కనిపించిన మొహం కబళమ్మ కూతురిది.

ఆఫీసువాళ్ళ శిక్షణ ఏదో ఉందని చెప్పి, పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఇంట్లోంచి వెళ్ళిన కూతురు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, గ్యాసు కట్టేశావా అని తల్లినే మందలించి మరీ వెళ్ళింది.

అబద్ధమాడిందని కోపం తెచ్చుకుందామన్నా కబళమ్మకు ఆ మొహం లేదు. ఆవిడ ఆడుతూ వస్తున్న అబద్ధం ముందు కూతురి అబద్ధం నిన్నగాక మొన్న పుట్టింది. ఇంట్లోవాళ్ళకు తెలిసినంత వరకు ఆవిడ పని లిఫ్టులకీ రైల్వే స్టేషన్లకీ గొంతు ఇవ్వడం. 'తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి పక్కకు జరగండి' అనే ఆ మర్యాదస్తురాలి గొంతు నిజంగా ఆవిడదే. కాని అసలు పని అది కాదు. 'జీవకోటి' అనే వీడియో ఆట మొదటి భాగం వచ్చిననాటి నుంచీ అందులోని మహామృగం కబళికి గొంతు ఆవిడే. స్టూడియోలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కబళమ్మా అంటేనే పలుకుతుంది.

జీవకోటి ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అడవులూ చెరువులూ గుట్టలూ తిరిగి రకరకాల జీవాల్ని పట్టుకుని, మచ్చిక చేసుకుని, పెంచి పెద్దచేసి, ఒకదానితో ఒకటి తలపడనిచ్చే ఆట అది. అందులో ఎవరికీ చిక్కనిది కబళి ఒక్కటే. ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందంటే తెరంతా పొగ కమ్ముకుంటుంది. పొగ తేలిపోయేసరికి మీరు ప్రాణంలా పెంచుకున్న జీవం ఉండదు. ఆట కట్టేసి మళ్ళీ తెరిచినా రాదు. ఆ దెబ్బకు అన్నం మానేసి మంచం ఎక్కిన పిల్లలు ఎన్ని దేశాల్లో ఎంతమందో.

వాళ్ళలో కబళమ్మ కూతురూ ఉంది. చిన్నప్పుడు దాని దగ్గర బుడుంగు అనే చెరువు జీవం ఉండేది. అరచేతంత ఉంటుంది, నీళ్ళలోకి దూకినప్పుడల్లా బుడుంగుమంటుంది, అంతకుమించి దానికి ఏ విద్యా రాదు. దాన్ని కబళి మింగిన సాయంత్రం ఆ పిల్ల తల్లి ఒళ్ళో తలపెట్టి, ఎప్పటికైనా ఆ రాక్షసిని చంపి తీరతానని వెక్కిళ్ళ మధ్య ఒట్టు పెట్టుకుంది. గొంతు ఎవరిదో బయటపెట్టకూడదన్నది కంపెనీ షరతు. ఆ సాయంత్రం తరవాత షరతుతో పని లేకపోయింది. ఆ గర్జన నాదేనే తల్లీ అని ఏ నోటితో చెబుతుంది?

అలాంటిది ఇప్పుడు ఆ పిల్ల కబళితో తలపడే హక్కు గెలుచుకుని వేదిక మీద నిలబడి ఉంది. కబళికి గొంతు ఇవ్వాల్సింది తల్లి.

ఆటకు ముందు కాస్త విరామం ప్రకటించారు. కబళమ్మ హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసి, నేల మీద పాముల్లా పరుచుకున్న వైర్లను దాటుకుంటూ మాస్టారి గదికి పరుగెత్తింది. మాస్టారంటే జీవకోటిని పుట్టించినాయన. ప్రతి జీవానికీ మొదటి గీత ఆయన చేతిదే. విడి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇరుకుగదిలో, కాళ్ళు చాపుకుని, ఆయన నీళ్ళ సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ, మళ్ళీ తిప్పుతూ కూర్చుని ఉన్నాడు.

"మాస్టారూ, నేను మైకు ముందు కూర్చోలేను. ఆ తూనీగ నా కూతురు."

సీసా మూత తిప్పే చెయ్యి ఆగింది.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ముందే తెలుసా అని. తెలియదని ఆవిడ కూతురి మీదే ఒట్టు వేసింది. ఆ పిల్లకు తెలుసా అంటే, అమ్మ ఈ పాటికి ఏ లిఫ్టులోనో తలుపులు మూయిస్తూ ఉంటుందనుకుంటుంది అది అని చెప్పింది. మామూలు రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళే.

నవ్వే వ్యవహారం కాదు. కంపెనీలో పనిచేసేవాళ్ళ దగ్గరి బంధువులు ఈ పోటీలో ఆడకూడదు. ఆడితే గెలిచిందంతా రద్దు. పైగా కబళితో ఆట అంటే మామూలు ఆట కాదు. అది ఏ దెబ్బ కొట్టబోతుందో ముందుగా గర్జనలోనే తెలుస్తుంది. గర్జన పైకి లేస్తే తోకదెబ్బ, కిందికి జారితే పొగ, మధ్యలో విరిగితే ఒక్క దూకు. చెవి ఉన్న ఆటగాడు ఆ సందులో తప్పించుకుంటాడు. గర్జించేది తల్లీ తప్పించుకునేది కూతురూ అయితే, రేపు లోకం ఏమంటుంది? చిన్నప్పటి నుంచి కూడబలుక్కున్నారంటుంది.

నేనే వెళ్ళి తీర్పరితో చెప్పేస్తానని కబళమ్మ తలుపు వైపు తిరిగింది. మాస్టారు ఆపాడు. ఆయన ఆపింది ఆట పాడవుతుందని కాదు. కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఈ రోజుతో కబళి పోతుంది," అన్నాడాయన. "ఆఖరి దెబ్బ తగిలితే చచ్చిపోతుంది. ఇక ఏ భాగంలోనూ రాదు. కంపెనీ పెద్దల నిర్ణయం. నేను వద్దని మొత్తుకున్నాను. నా మాట చెల్లలేదు."

ఆవిడకు ఇచ్చిన కాగితాల్లో చివర 'మూలుగు' అని మాత్రమే ఉంది. అది చావు మూలుగని ఎవరూ చెప్పలేదు. కబళమ్మ ఇప్పుడు కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో ఏ వేషమూ దొరక్క, ఏ పాటా రాక, ఉన్నదల్లా గొంతొక్కటే అయి స్టూడియో గడప ఎక్కిన నాడు, ఆవిడ చేతిలో అన్నం ముద్ద పెట్టింది ఆ మృగమే. తిట్టుకున్నా ముద్దాడినా తనది.

మాస్టారు గొంతు తగ్గించాడు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదనీ, కబళి పోయేలోపల ఒక్కరికైనా తెలియకపోతే తనకు నిద్ర పట్టదనీ అన్నాడు.

"మొదటి రోజు మీకేం చెప్పానో గుర్తుందా?"

గుర్తులేకేం. నోరు తెరవకుండా గర్జించమన్నాడు. పెదాలు బిగించి, గొంతులోంచి, ముక్కులోంచి, పక్కటెముకల్లోంచి. ఆ సాధన అయ్యేసరికి ఆవిడ దవడలు వాచిపోయాయి. పిచ్చి మాస్టారనుకుంది అప్పట్లో.

"కబళి నోరు మీరెప్పుడైనా చూశారా? ఆట మొత్తంలో? ఎవరూ చూడలేదు. మింగేటప్పుడు పొగ అడ్డం పెట్టాను. గర్జించేటప్పుడు మూతి మూయించాను." ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "చిన్నప్పుడు మా ఎదురింటి గాజుతొట్టెలో ఒక చేప ఉండేది. పిల్లల్ని పెట్టాక తిండి మానేసేది. ఏ నీడ పడ్డా సరే, పిల్లలన్నిటినీ గబగబా నోట్లోకి తీసుకునేది. తినేస్తోందని నేను గుక్కపట్టి ఏడ్చాను. మర్నాడు చూస్తే అన్నీ ఈదుతున్నాయి."

కబళమ్మ మెదడు ఏళ్ళ వెనక్కి పరుగులు తీస్తోంది. మింగిన ప్రతి జీవం. ఏడ్చిన ప్రతి పిల్ల.

"అంటే అవన్నీ…"

"అన్నీ దాని నోట్లోనే ఉన్నాయి. మొదటి భాగం నుంచీ. ఒక్కటి కూడా పోలేదు."

"ఇన్నేళ్ళూ నా గొంతు పెట్టి పిల్లల్ని ఏడిపించారు మాస్టారూ."

"ఏడిపించలేదు. మీరు దాచిపెట్టారు."

దాన్ని చంపకుండా గెలిచే దారి ఒకటి మొదటి నుంచీ ఆటలోనే ఉందని ఆయన చెప్పాడు. కబళి ప్రాణం కడబట్టినప్పుడు కొట్టడం మానేసి, తన దగ్గర మిగిలిన ఆఖరి జీవాన్ని దాని ఎదుట నిలబెట్టి, ఒక గర్జన మొత్తం అయిపోయేదాకా ఏ మీటా నొక్కకుండా ఊరుకోవాలి. అంతే. ఇంత సులువు పని ఇంతవరకు ఒక్కరూ చెయ్యలేదు. గెలుపు చేతికందుతుండగా చేతులు కట్టుకునేవాడెవడు?

ఆ మాట వినగానే కబళమ్మకు అర్థమైంది, మాస్టారు తన చేతికి నిప్పు అందించాడని. ఆ నిప్పు దాచుకుని వెళ్ళి కూతురి ఎదుట గర్జించాలి. ఆయన ముఖంలో కూడా అదే భయం పాకింది. చెప్పి తప్పు చేశానా అన్నట్టు చూశాడు.

ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఏ గర్జనలోనూ ఇసుమంత సైగ ఉండదనీ, పరాయి పిల్ల మీద ఎలా గర్జిస్తుందో అలాగే గర్జిస్తుందనీ, ఆట అయిన వెంటనే తనే తీర్పరి దగ్గరికి వెళ్ళి అంతా ఒప్పుకుంటుందనీ చెప్పింది. మాస్టారు ఏదో అనబోయాడు. ఈలోగా గంట మోగింది.

గాజుగదిలోంచి చూస్తే వేదికలో సగం కనిపిస్తుంది. వేదిక పక్క బల్ల దగ్గర పోటీ ప్రధాన తీర్పరి కూర్చుంది. నెరిసిన జుట్టు బిగించి ముడేసిన మనిషి. ఆవిడ చెవులకూ హెడ్‌ఫోన్లున్నాయి. హాల్లో జనానికి వినబడేది యంత్రంలోంచి మారి వచ్చే కబళి గొంతు. తీర్పరికి మాత్రం కబళమ్మ అసలు గొంతు, ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. గర్జనల్లో మోసం జరగకుండా కాపలా అన్నమాట.

మైకు మీద ఎర్రదీపం వెలిగింది. దీపాలార్పేసిన హాల్లో పెద్ద తెర నిండా పొగ లేచింది. కబళమ్మ పెదాలు బిగించింది.

మొదటి గర్జనకు హాలు హాలంతా కుర్చీల్లో వెనక్కి వాలిపోయింది. వాలకుండా నిలబడింది వేదిక మీద ఆ పిల్ల ఒక్కతే. గర్జన పైకి లేచింది, తోక విసురుగా వచ్చింది, తూనీగ వేళ్ళు మీటల మీద ఎగిరాయి. ఆమె పెంచిన కొండగొర్రె ఆ తోక మీదుగా గెంతి కబళి మెడ మీద కొమ్ములు దించింది. జనం లేచి నిలబడ్డారు.

రెండో గర్జన కిందికి జారింది. పొగ. కొండగొర్రె లేదు.

కబళమ్మ కళ్ళు మూసుకుంది, గొంతు మాత్రం తగ్గించలేదు. తగ్గిస్తే అది జాలి, ఆ పిల్ల కష్టానికి అవమానం. ఇంకా పెంచింది. నుదుటి నరాలు ఉబ్బాయి. పక్కన మీటల ముందు కూర్చున్న సౌండ్ ఇంజనీరు, ఎన్నో ఏళ్ళుగా ఆవిడ గొంతు వింటున్నవాడు, కంగారుగా తిరిగి చూశాడు. కూతురు కూడా తగ్గలేదు. మెరుపుపిట్టను దింపింది. అది పొగలోకే దూసుకుపోయి, ఇవతలికి వచ్చి, మళ్ళీ దూరి, కబళి ఒంటి మీద నిప్పురవ్వలు లేపింది. ఇంత దగ్గరగా దాన్ని ఎవరూ కొట్టలేదు. జనం అరుపులు గాజుగది అద్దాల్ని కూడా అదరగొడుతున్నాయి. కడుపులో ఒక మూల భయం, ఇంకో మూల పట్టలేని గర్వం, రెంటి మధ్యా నలిగిపోతూ కబళమ్మ గర్జించింది. ఇది నా కూతురు, చూడండి దీని చేతులు చూడండి అని అరవాలని ఉంది. అరవాల్సిందంతా గర్జనలోకి పోయింది.

మెరుపుపిట్ట పోయింది. తరవాత దింపిన రాతితాబేలూ పోయింది. పోతూపోతూ అది కబళి ముందరి కాలు విరిచింది. తెర మీద కబళి ప్రాణం దారప్పోగంత మిగిలింది. తూనీగ దగ్గర మిగిలింది ఒకే ఒక్క జీవం, పేరైనా లేని గడ్డిపురుగు. అయినా చాలు. ఇప్పుడు పురుగు కుట్టినా కబళి చస్తుంది.

కాగితం మీద 'మూలుగు' వచ్చింది.

కబళమ్మ ఊపిరి తీసుకుంది. మూలిగింది. కాగితంలో ఉన్నంతే, ఉండాల్సిన పొడుగే. ఒక్క సైగ లేదు, పిసరంత దయ కూడా తెచ్చిపెట్టుకోలేదు. కాని అప్పటికి గొంతు పూర్తిగా అరిగిపోయి ఉంది. బిగించిన పెదాల వెనక నుంచి వచ్చింది బొంగురుపోయిన ఒక "ఊఁ" మాత్రమే.

వేదిక మీద కూతురి వేళ్ళు గాలిలో ఆగిపోయాయి.

యంత్రంలోంచి మారి వచ్చినా ఆ ఊఁ దానికి తెలుసు. అమ్మ పనినుంచి వచ్చిన సాయంత్రాలన్నిటా దానికి దొరికింది ఆ ఊఁ ఒక్కటే. గొంతు పోయిన తల్లి మాట్లాడలేక, అడిగిన ప్రతిదానికీ మూసిన నోటితోనే జవాబు చెప్పేది. ఆకలేస్తోందంటే ఒక ఊఁ, బళ్ళో దెబ్బ తగిలిందంటే ఇంకో ఊఁ, కథ చెప్పమంటే అలసిపోయిన పొడుగాటి ఊఁ. లిఫ్టుల్లో మాట్లాడే అమ్మకు గొంతెందుకు పోతుందా అని ఆ పిల్ల ఎన్నడూ ఆలోచించలేదు. విసుగొచ్చి తల్లి పెదాలు వేళ్ళతో విడదీసి మారాం చేసేది.

జనం కేకలు పెడుతున్నారు, కొట్టు, కొట్టు అని. ఆ పిల్ల తల కాస్త పక్కకు వంచి పెద్ద తెర వైపు చూస్తూ ఉండిపోయింది. మొహంలో రంగులు మారాయి. తరవాత కంట్రోలర్‌ను మెల్లిగా బల్ల మీద పెట్టేసింది. ముందున్న మైకులోకి, ఇంట్లో మాట్లాడినట్టే అంది:

"ఇంక చాల్లే. నోరు తెరువమ్మా."

హాలు ఒక్కసారి గొల్లుమని నవ్వింది. మృగాన్ని బుజ్జగిస్తోంది అనుకున్నారు. గాజుగదిలో ఒక్క మనిషికి మాత్రం ఆ 'అమ్మా' గుండెల్లో దిగింది.

దెబ్బ పడకపోయేసరికి, చిన్న తెర మీద ఇంకో గర్జన వెలిగింది. ఇది మొత్తం అయిపోయేదాకా ఆ పిల్ల ఊరుకోవాలి. చేతులు బల్ల మీద ఉన్నాయి. తెలిసి ఊరుకుందా, విరక్తితో ఊరుకుందా, దేవుడికే తెలియాలి. కబళమ్మ గర్జించింది. పొట్టి చేయలేదు, పొడుగు చేయలేదు. పెద్ద తెర మీద కబళి కుంటుకుంటూ గడ్డిపురుగు దాకా వచ్చింది. ఏ క్షణానైనా పొగ కమ్ముతుందని జనం నవ్వాపి ఊపిరి బిగపట్టారు. గర్జన అయిపోయింది.

పొగ రాలేదు. కబళి తల నేలకు ఆనించి నోరు తెరిచింది.

ముందు ఏమీ లేదు. తరవాత కొండగొర్రె బయటికి వచ్చి ఒళ్ళు దులుపుకుంది. దాని వెనకే మెరుపుపిట్ట, రాతితాబేలు. ఆ తరవాత ఎవరెవరివో, ఎప్పుడెప్పటివో, పాత భాగాల్లో మాత్రమే ఉన్నవీ, ఇప్పటి పిల్లలు చూసి ఎరుగనివీ, పాక్కుంటూ ఎగురుకుంటూ దొర్లుకుంటూ వస్తూనే ఉన్నాయి. హాల్లో గడ్డాలు వచ్చినవాళ్ళు కుర్చీలెక్కి, అదిగో నాది, అదిగో నాది అంటూ పిచ్చివాళ్ళలా వేళ్ళు చూపిస్తున్నారు. ముందు వరసలో ఒకాయన రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు. వేదిక మూల నిలబడ్డ మాస్టారు గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

అన్నిటికన్నా వెనక, అరచేతంతది ఒకటి, కబళి నాలుక మీంచి కిందికి దూకింది. బుడుంగుమంది.

తూనీగ చేతులు నోటికి అడ్డం పోయాయి.

కబళమ్మకు కళ్ళలో నీళ్ళు తెర కట్టాయి. తుడుచుకుని చూస్తే తీర్పరి బల్ల ఖాళీగా ఉంది. ఆ సంగతి బుర్రకెక్కేలోపలే గాజుగది తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు మనిషి లోపలికి వచ్చింది. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. అరవలేదు, కోప్పడలేదు. తలుపు వెనక్కి తోసి, ఇంజనీరును బయటికి వెళ్ళమని కళ్ళతోనే చెప్పింది. అతను మీటలు అలాగే వదిలేసి లేచి వెళ్ళాడు.

"ఆ అమ్మాయి మీకేమవుతుంది?"

మైకు మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ప్రశ్న అడిగిన మనిషి దాన్ని గమనించలేదు, కబళమ్మ గమనించింది. ఇప్పుడు తను ఏ ముక్క అన్నా అది ఈ గదిలో ఆగదు, బయట అంతమంది జనం ముందు, తెరిచిన నోటితో, కబళి అంటుంది. కూతురంటే ఆ పిల్ల గెలుపు పోతుంది. ఏమీ కాదంటే, ఆ మాటను కూతురు ఆ మృగం నోటి నుంచే వింటుంది. గోడ మీద చిన్న తెరలో ఆ పిల్ల బుడుంగును చూడటం మానేసి, తలెత్తి సూటిగా కబళి మొహంలోకి చూస్తోంది.

కబళమ్మ మైకును దగ్గరికి లాక్కుంది.